థియరిటికల్ ఫిజిక్స్‌లో ఫండింగ్ ఉన్న పీహెచ్‌డీ సీటు: ఎమ్మెస్సీ మొదటి ఏడాది నుంచి ఆఫర్ లెటర్ దాకా

ప్రతి ఏడాది ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి జూనియర్ల నుంచి దాదాపు ఒకే మెసేజ్ వస్తుంది. "అన్నా, ఎమ్మెస్సీ అయిపోవచ్చింది, థియరీలో పీహెచ్‌డీ చెయ్యాలని ఉంది, ఇంట్లో డబ్బు పెట్టే పరిస్థితి లేదు, ఎక్కడ మొదలెట్టాలి?" ఒక్కొక్కరికీ ఫోన్లో గంట గంట చెప్పి చెప్పి, ఇక మొత్తం ఒక దగ్గర రాసి పెడదామని కూర్చున్నా.

అన్నిటికన్నా ముందు డబ్బు సంగతి. ఫిజిక్స్ పీహెచ్‌డీకి ఇంట్లోవాళ్ళు పొలం అమ్మాల్సిన పని లేదు, అప్పు చెయ్యాల్సిన పని అసలే లేదు. మంచి చోటైతే ఫీజు వాళ్ళే చూసుకుని నెలనెలా మీకే డబ్బు ఇస్తారు. "అడ్మిషన్ ఇస్తాం, ఖర్చు మీరు చూసుకోండి" అని ఎవరన్నా రాస్తే, ఆ యూనివర్సిటీ పేరు ఎంత పెద్దదైనా సరే, దాన్ని ఆఫర్ కింద లెక్కెయ్యకండి. కన్సల్టెన్సీకి వెళ్తే ఎక్కువసార్లు ఎమ్మెస్ కోర్సు వైపే తోస్తారు, ఎందుకంటే వాళ్ళ సంపాదన ఫీజు కట్టే కోర్సుల్లో ఉంటుంది, పీహెచ్‌డీలో ఉండదు. ఇది మీ అంతట మీరు చేసుకోగలిగిన పని.

రెండో మాట, ఈ మొత్తం వ్యాసంలో నేను పట్టుకుని వేలాడేది ఇదే: మీ చేతిలో మీరే మొదట్నుంచి చివరిదాకా చేసిన ఒక లెక్క ఉండాలి. ఒక్కటి చాలు. కాలేజీ పేరు, పర్సెంటేజీ వీటన్నిటికీ కొంత విలువ ఉంది, కాదనను, కానీ థియరీలో మిమ్మల్ని తీసుకునేవాళ్ళు చూసేది ఈ పిల్లాడు, ఈ పిల్ల ఒక ప్రశ్న పట్టుకుని పేజీలు పేజీలు లెక్క చేసి జవాబు దాకా వెళ్ళగలరా అని. సిఫారసు లెటరూ, ఎస్ఓపీ (ఏం చేశారో, ఏం చెయ్యాలనుకుంటున్నారో మీరు రాసే వ్యాసం), ప్రొఫెసర్‌కి రాసే మెయిలూ, ఇంటర్వ్యూ, అన్నీ దాని మీదే నిలబడతాయి.

మొదటి పని: ఏ థియరీ అనేది తేల్చుకోవడం

"థియరీ" అంటే ఒకటి కాదు. ఆర్కైవ్ (arXiv) అనే పేపర్ల సైట్ ఓపెన్ చేస్తే (1991లో పాల్ గిన్స్‌పార్గ్ మొదలెట్టింది, మన ఫీల్డులో దాదాపు ప్రతి పేపరూ ముందు అక్కడే పడుతుంది) హెప్-టీహెచ్, హెప్-పీహెచ్ (హై ఎనర్జీ), జీఆర్-క్యూసీ (గ్రావిటీ), కాండ్-మ్యాట్ (కండెన్స్‌డ్ మ్యాటర్), క్వాంట్-పీహెచ్ (క్వాంటమ్) అని వేరువేరు గదులు కనిపిస్తాయి. రెండు నెలలపాటు రోజూ పొద్దున పదిహేను నిమిషాలు ఆ రోజు వచ్చిన పేపర్ల టైటిళ్ళు, అబ్‌స్ట్రాక్టులు చదవండి. అర్థం కాకపోయినా చదవండి. ఏది చూస్తే ఇంకాస్త చదవాలనిపిస్తుందో, ఆ పేపర్ రాసినవాళ్ళ పేరు, ఊరు ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకోండి. రెండు నెలలు పోయాక మీ లిస్ట్ అదే తయారై ఉంటుంది, ర్యాంకింగుల సైట్లతో పని ఉండదు.

మనవాళ్ళు పదిమందిలో ఏడుగురు "స్ట్రింగ్ థియరీ" అనే రాస్తారు. ఇష్టం ఉంటే తప్పకుండా రాయండి, కానీ కండెన్స్‌డ్ మ్యాటర్ థియరీ, స్టాటిస్టికల్ ఫిజిక్స్, క్వాంటమ్ ఇన్ఫర్మేషన్, గ్రావిటేషనల్ వేవ్స్ థియరీ లాంటివాటి గురించి ఒక్క పేపర్ కూడా చూడకుండా వాటిని పక్కన పెట్టకండి. నేను చూసినంతలో ఫండింగ్ ఉన్న సీట్లు ఆ వైపు ఎక్కువ పడుతున్నాయి, సమస్యలు కూడా ఏం తక్కువ లోతువి కావు.

ఆ ఒక్క లెక్క

ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ అంటే చాలా చోట్ల పాత రిపోర్ట్ మార్చి బైండింగ్ చేయించి పెట్టేస్తారు. ఆ అవకాశాన్ని వృథా చేసుకోకండి. ఎలాంటి లెక్క అంటే, నేను ఒక జూనియర్‌కి ఇచ్చింది చెప్తా, ఎందుకంటే మంచి లెక్క ఎలా ఉంటుందో చూస్తేనే అర్థమవుతుంది.

బ్లాక్ హోల్‌ని కదిలిస్తే గంట కొట్టినట్టు మోగి ఆగిపోతుంది, ఆ మోతని క్వాజైనార్మల్ మోడ్స్ అంటారు, 1970లో మన సి.వి. విశ్వేశ్వర గారు మొదట చూపించారు. స్క్వార్జ్‌చైల్డ్ బ్లాక్ హోల్‌కి రెజ్జె-వీలర్ పొటెన్షియల్ తీసుకుని, ఎల్ = 2కి, డబ్ల్యూకేబీ అనే ఉజ్జాయింపు పద్ధతిలో ఫ్రీక్వెన్సీ కట్టాలి. ఎమ్మెస్సీ క్వాంటమ్ మెకానిక్స్ వచ్చినవాళ్ళెవరైనా చెయ్యగలరు. మాస్‌ని 1 అనుకుంటే పొటెన్షియల్ శిఖరం ఆర్ = 3.28 దగ్గర వస్తుంది, కాంతి చుట్టూ తిరిగే ఆర్ = 3 దగ్గర రాదు, ఎందుకు రాదు అన్నదే మొదటి మంచి ప్రశ్న. లీడింగ్ ఆర్డర్‌లో రియల్ పార్ట్ (ఎంత వేగంగా మోగుతుందో) 0.399, ఇమాజినరీ పార్ట్ (ఎంత వేగంగా ఆగిపోతుందో) మైనస్ 0.088 వస్తుంది. అసలు విలువ 0.3737, మైనస్ 0.0890. అంటే రియల్ పార్ట్‌లో దాదాపు 7 శాతం తేడా, ఇమాజినరీ పార్ట్‌లో ఒక్క శాతమే. ఈ తేడా ఎందుకొచ్చింది, పై ఆర్డర్‌కి వెళ్తే తగ్గుతుందా, ఎల్ పెంచితే ఏమవుతుంది? చేతి లెక్కా, చిన్న పైథాన్ ప్రోగ్రామూ కలిపి మూడు నెలల్లో అయిపోతుంది. కొత్త రిజల్ట్ కాదు, 1980ల్లోనే చేసేశారు. అయినా ఫర్వాలేదు. ఆ అమ్మాయి తర్వాత ప్రతి ఇంటర్వ్యూలో "ఏడు శాతం ఎందుకు తప్పింది" అనే ప్రశ్నకి బోర్డు దగ్గర నిలబడి పావుగంట మాట్లాడగలిగింది.

మీ డిపార్ట్‌మెంట్‌లో థియరీ గైడ్ లేరా? సమ్మర్ ప్రోగ్రాములు ఉన్నాయి. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్, టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్) వాళ్ళ విఎస్ఆర్‌పీ, ఇంకా హెచ్ఆర్ఐ (హరీశ్ చంద్ర ఇన్‌స్టిట్యూట్) లాంటి చోట్ల విజిటింగ్ స్టూడెంట్ ప్రోగ్రాములు. అప్లికేషన్లు చాలావరకు ముందు ఏడాది చలికాలంలోనే పడతాయి, కాబట్టి ఎమ్మెస్సీ మొదటి సెమిస్టర్‌లోనే చూసుకోవాలి. రెండు నెలలు అక్కడ ఒకరి దగ్గర నిజంగా పని చేస్తే లెక్కా వస్తుంది, లెటరూ వస్తుంది.

ఇండియాలో తలుపులు

ఇక్కడ పరీక్షే తలుపు. టీఐఎఫ్ఆర్ సొంత పరీక్ష జీఎస్ మామూలుగా డిసెంబరులో, చాలా ఇన్‌స్టిట్యూట్లకి కలిపి పెట్టే జెస్ట్ ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో, గేట్ ఫిబ్రవరిలో, సీఎస్ఐఆర్ నెట్ ఏడాదికి రెండుసార్లు. ఒకే ప్రిపరేషన్ నాలుగింటికీ పనికొస్తుంది: క్లాసికల్, క్వాంటమ్, ఈఎం, స్టాట్ మెక్, మ్యాథ్ మెథడ్స్. జెస్ట్ మీద చెన్నై ఐఎంఎస్‌సీ, ప్రయాగ్‌రాజ్ హెచ్ఆర్ఐ, భువనేశ్వర్ ఐఓపీ, కలకత్తా సాహా ఇన్‌స్టిట్యూట్, బెంగళూరు ఐసీటీఎస్ లాంటివి పిలుస్తాయి. థియరీకి దేశంలో గట్టి చోట్లలో ఇవీ ఉన్నాయి. ఐఎంఎస్‌సీని 1962లో మొదలెట్టిన అల్లాడి రామకృష్ణన్ గారు, నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారి కొడుకే. మన దగ్గరైతే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, టీఐఎఫ్ఆర్ హైదరాబాద్, ఐఐటీ హైదరాబాద్, ఐసర్ తిరుపతి ఉన్నాయి.

డబ్బు లెక్క: 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్) 42,000, హాస్టల్ ఇవ్వకపోతే హెచ్ఆర్ఏ అదనం. ఒంటరిగా క్యాంపస్‌లో ఉండి చదువుకోడానికి సరిపోతుంది, ఇంటికి కొంచెం పంపొచ్చు కూడా. 2024 నుంచి నెట్‌లో మూడు రకాలు వచ్చాయి, జేఆర్ఎఫ్, లెక్చరర్‌షిప్, పీహెచ్‌డీ అడ్మిషన్‌కి మాత్రమే అని, ఫెలోషిప్ జేఆర్ఎఫ్ వస్తేనే, మిగతా రెండిట్లో రాదు. రిజల్ట్ చూసి సంబరపడిపోయి తర్వాత బాధపడినవాళ్ళు ఉన్నారు, కార్డు మీద ఏది రాసుందో సరిగ్గా చూసుకోండి.

బీఎస్సీతోనే వెళ్ళాలనుకుంటే ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ ఉంది, బెంగళూరు ఐఐఎస్‌సీ జామ్ అనే ప్రవేశ పరీక్ష మీద తీసుకుంటుంది.

యూరప్: పీహెచ్‌డీ అంటే ఉద్యోగం

ఇది మనవాళ్ళకి సరిగ్గా తెలియని తలుపు, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నా. జర్మనీ, నెదర్లాండ్స్, స్వీడన్, స్విట్జర్లాండ్, నార్వే, డెన్మార్క్ ఇలాంటి చోట్ల పీహెచ్‌డీ స్టూడెంట్ అంటే జీతం తీసుకునే ఉద్యోగి. ఖాళీ పడుతుంది, నోటిఫికేషన్ ఇస్తారు, మీరు అప్లై చేస్తారు, అంతే. అప్లికేషన్ ఫీజు దాదాపు ఎక్కడా ఉండదు. కానీ మాస్టర్స్ ఉండాలి, మన ఎమ్మెస్సీ సరిపోతుంది. జర్మనీలో జీతం టీవీ-ఎల్ ఈ13 అనే ప్రభుత్వ జీతాల స్కేల్ మీద, ఫిజిక్స్‌కి ఎక్కువగా అందులో సగం నుంచి ముప్పావు వంతు. ముప్పావు అయితే పన్నులు, ఇన్సూరెన్స్ పోగా చేతికి 2 వేల యూరోలు దాటే వస్తుంది. నోటిఫికేషన్‌లో ఈ శాతం ఎంతో తప్పకుండా చూడండి, రెండు ఆఫర్ల మధ్య అసలు తేడా అక్కడే ఉంటుంది.

ఖాళీలు ఎక్కడ కనిపిస్తాయంటే, హై ఎనర్జీ, గ్రావిటీ వాళ్ళకి ఇన్‌స్పైర్ హెప్ సైట్‌లో జాబ్స్ పేజీ (మన డీఎస్‌టీ ఇన్‌స్పైర్ ఫెలోషిప్ వేరు, ఇది వేరు), అన్ని సబ్జెక్టులకీ యూరాక్సెస్. జర్మనీలో మాక్స్ ప్లాంక్ రీసెర్చ్ సంస్థ వాళ్ళకి ఐఎంపీఆర్ఎస్ అని పీహెచ్‌డీ స్కూళ్ళు ఉన్నాయి, పోట్స్‌డామ్‌లో గ్రావిటీకి, మ్యూనిక్‌లో పార్టికల్ ఫిజిక్స్‌కి, డ్రెస్డెన్‌లో కాంప్లెక్స్ సిస్టమ్స్‌కి ఇన్‌స్టిట్యూట్లు ఉన్నాయి. ఇటలీలో ట్రియెస్టెలో సిస్సా అనే ఇన్‌స్టిట్యూట్, అది థియరీకి పెట్టింది పేరు.

యూరోపియన్ యూనియన్ డబ్బుతో నడిచే మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్కులు అని ఇంకొకటి, జీతం మామూలుకన్నా మెరుగ్గా ఉంటుంది. దీంట్లో ఒక రూల్ మనకి చాలా కలిసొస్తుంది: మిమ్మల్ని తీసుకునే తేదీకి ముందు 36 నెలల్లో ఆ దేశంలో 12 నెలలకి మించి ఉండి ఉండకూడదు. అంటే గుంటూరులోనో వరంగల్‌లోనో ఎమ్మెస్సీ చేసినవాళ్ళకి యూరప్‌లో ఏ దేశమైనా ఓకే. లక్షలు పెట్టి జర్మనీలో రెండేళ్ళ మాస్టర్స్ అప్పుడే పూర్తి చేసినవాళ్ళకి మాత్రం జర్మనీ సీటుకి అర్హత ఉండదు, పక్క దేశం చూసుకోవాలి.

పునాది బలంగా లేదు, క్వాంటమ్ ఫీల్డ్ థియరీ ఎవరూ చెప్పలేదు అనిపిస్తే ట్రియెస్టెలోనే ఐసీటీపీ అనే థియరీ సెంటర్ ఉంది, 1964లో పాకిస్తాన్ ఫిజిసిస్ట్ అబ్దుస్ సలామ్ పెట్టింది. ఏడాది డిప్లొమా కోర్సు, మనలాంటి దేశాల పిల్లల కోసమే, ఖర్చులు వాళ్ళవే. కెనడాలో పెరిమీటర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ పీఎస్ఐ కూడా ఫండింగ్‌తోనే వచ్చే మాస్టర్స్. ఏడాది పోతుందని భయపడకండి, అక్కడ్నుంచి పీహెచ్‌డీకి వెళ్ళే దారి బాగా తేలికవుతుంది.

బ్రిటన్ కొంచెం ఇరుకు. వాళ్ళ రీసెర్చ్ కౌన్సిల్ డబ్బుతో వచ్చే సీట్లలో బయటి దేశాలవాళ్ళు 30 శాతానికి మించకూడదని పరిమితి ఉంది. అప్లై చెయ్యండి, కానీ దాని మీదే ఆశ పెట్టుకోకండి.

అమెరికా

డెడ్‌లైన్లు డిసెంబరు 1 నుంచి జనవరి మొదటి వారం మధ్యలో, క్లాసులు తర్వాతి ఆగస్టులో. ట్యూషన్ ఫీజు మాఫీ, దాని మీద టీఏ (క్లాసుల్లో సాయం చేసే పని) లేదా ఆర్ఏ (ప్రొఫెసర్ గ్రాంట్ మీద రీసెర్చ్ పని) జీతం, ఏడాదికి చాలా చోట్ల 30 వేల డాలర్ల పైన. థియరీ స్టూడెంట్లు మొదటి రెండు మూడేళ్ళు ఎక్కువగా టీఏగానే బతుకుతారు, గ్రూపులకి ఆర్ఏ డబ్బు తక్కువ కాబట్టి, ఇది ముందే తెలుసుకుని వెళ్ళండి. ఫిజిక్స్ జీఆర్ఈ 2020 తర్వాత చాలా చోట్ల ఐచ్ఛికం అయిపోయింది, కొన్ని చోట్ల చూడరు కూడా.

అప్లికేషన్ ఫీజు ఒక్కోదానికి 100 డాలర్లు అటూఇటూ. పది చోట్ల వేసి, టోఫెల్ కూడా కలిపితే లక్ష రూపాయలు దాటుతుంది. కాబట్టి ఫీజు వేవర్ అడగండి. గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కి నాలుగు లైన్ల మెయిల్, మా ఇంటి ఆదాయం ఇంత, ఈ ఫీజు మాకు ఇన్ని రోజుల జీతం అని సూటిగా రాస్తే చాలు, అన్ని చోట్లా ఇవ్వరు గానీ అడిగితే పోయేదేం లేదు. నేను చెప్పే లెక్క అమెరికా ఆరు, యూరప్ పది పదిహేను, ఇండియాలో పరీక్షలన్నీ.

లెటర్లు

మూడు కావాలి. ఇక్కడే మన యూనివర్సిటీల పిల్లలు ఎక్కువ నష్టపోతున్నారు. "నువ్వే రాసుకుని రా, సంతకం పెడతా" అనేది మన దగ్గర మామూలు మాటైపోయింది. నాకూ ఒక సార్ అలాగే అన్నారు. రాసుకెళ్ళలేదు. దాని బదులు ఒక పేజీ కాగితం తీసుకెళ్ళా: ఆయన దగ్గర ఏ కోర్సు చేశాను, ఎన్ని మార్కులు, క్లాసులో ఏ ప్రాబ్లమ్ మీద చర్చ జరిగింది, ప్రాజెక్ట్‌లో ఎక్కడ ఇరుక్కుని ఎలా బయటపడ్డాను, తేదీలతో సహా. "సార్, ఇవి గుర్తుండేలా రాశాను, లెటర్ మాత్రం మీ మాటల్లోనే ఉంటే బాగుంటుంది, అవతలివాళ్ళకి తెలిసిపోతుంది సార్" అన్నా. ఆయన అరగంట కూర్చోబెట్టుకుని అన్నీ అడిగి రాశారు. చాలామంది సార్లకి రాయాలనే ఉంటుంది, ఏం రాయాలో గుర్తుండదు అంతే.

లెటర్ వాళ్ళే అప్‌లోడ్ చెయ్యాలి, అదీ యూనివర్సిటీ మెయిల్ ఐడీ నుంచి. జీమెయిల్ అయితే కొన్ని సైట్లు అనుమానిస్తాయి. డెడ్‌లైన్‌కి ఆరు వారాల ముందు అడగండి, రెండు వారాల ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఒకసారి గుర్తు చెయ్యండి, మొహమాటపడకండి. డిపార్ట్‌మెంట్ హెడ్ లెటర్ కన్నా, మీ లెక్క చూసిన అసిస్టెంట్ ప్రొఫెసర్ లెటర్ ఎప్పుడైనా మేలు.

ఎస్ఓపీ, మెయిల్

"చిన్నప్పుడు మేడ మీద పడుకుని నక్షత్రాలు చూసేవాణ్ణి" అనే వాక్యాన్ని దయచేసి తీసెయ్యండి, నిజమే అయినా సరే, చదివేవాళ్ళు అలాంటివి వందల్లో చూస్తారు. మొదటి పేరాలోనే మీ లెక్క చెప్పండి: ఏ ప్రశ్న, ఏ పద్ధతి, ఏం వచ్చింది, ఎక్కడ తప్పింది. తర్వాత ఆ తప్పు దగ్గర్నుంచి మీకు ఇప్పుడు తెలుసుకోవాలనిపిస్తున్నదేంటి, అది ఆ డిపార్ట్‌మెంట్‌లో ఎవరి పనికి దగ్గరగా ఉంది. రెండు పేజీలు మించొద్దు. ఒక సెమిస్టర్‌లో మార్కులు పడిపోయి ఉంటే రెండు వాక్యాల్లో కారణం చెప్పి వదిలెయ్యండి.

ప్రొఫెసర్లకి మెయిల్ సంగతి దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో సీటు ఇచ్చేది కమిటీ, మెయిల్‌తో పెద్దగా ఏం కదలదు. యూరప్‌లో డబ్బు ఎక్కువగా ప్రొఫెసర్ గ్రాంట్‌లో ఉంటుంది కాబట్టి మెయిల్ ముఖ్యం. ఎలా రాయాలంటే, "డియర్ ప్రొఫెసర్" తర్వాత వాళ్ళ ఇంటిపేరు, "రెస్పెక్టెడ్ సర్" వద్దు, అవతల ఉన్నది మేడమ్ కావచ్చు. మొదటి వాక్యంలో మీరెవరు. రెండోదాంట్లో వాళ్ళ ఫలానా పేపర్‌లో ఫలానా ఈక్వేషన్ దగ్గర మీకొచ్చిన సందేహం, నిజంగా చదివి వచ్చిన సందేహమే రాయండి. మూడోదాంట్లో మీ లెక్క గురించి ఒక్క ముక్క. చివర్లో వచ్చే ఏడాది ఫండింగ్ ఉన్న సీటు ఉందా అనే సూటి ప్రశ్న. సీవీ, ప్రాజెక్ట్ రిపోర్ట్ పీడీఎఫ్‌లో జత చెయ్యండి, రిపోర్ట్ లేటెక్‌లో (ఈక్వేషన్లు టైప్ చేసే సాఫ్ట్‌వేర్) టైప్ చేసినదై ఉండాలి. పది రోజులకి ఒక రిమైండర్, అంతకు మించి వద్దు. ఇరవై రాస్తే నాలుగైదు జవాబులు వస్తాయి, అది మామూలే, మీ లోపం కాదు.

కాగితాలు

చిన్న విషయంలా ఉంటుంది గానీ సీట్లు పోయేది ఇక్కడే. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటుంది, డిగ్రీ సర్టిఫికెట్‌లో పేరు వెనకా ముందూ అయి ఉంటుంది. అప్లికేషన్లన్నిటిలో పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయండి, పాస్‌పోర్టే ఇంకా తీసుకోకపోతే ఈ వారమే అప్లై చెయ్యండి. ట్రాన్స్‌క్రిప్టులు ఎగ్జామ్ బ్రాంచ్ నుంచి రావడానికి వారాలు పడుతుంది. నేను ఒక యూనివర్సిటీలో చలానా కట్టిన రసీదు పోగొట్టుకోవడం వల్ల కాదు, వాళ్ళ ఫైల్ వేరే సెక్షన్‌లో ఉండిపోవడం వల్ల 40 రోజులు తిరిగా. సెప్టెంబరులోనే అప్లై చేసి నాలుగైదు సీల్డ్ కాపీలు ఒకేసారి తీసుకోండి. సీఎంఎం (అన్ని మార్కుల మెమో), ప్రొవిజనల్, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) అన్నీ స్కాన్ చేసి డ్రైవ్‌లో పెట్టుకోండి.

ఇంటర్వ్యూ

ఇండియాలో బోర్డు దగ్గర నిలబెడతారు. "ఏ సబ్జెక్ట్ అడగమంటావ్?" అంటారు. నేను క్వాంటమ్ అన్నా. డబుల్ వెల్ పొటెన్షియల్ గియ్యమన్నారు, గ్రౌండ్ స్టేట్ గీశా, మొదటి ఎక్సైటెడ్ స్టేట్ గీశా. మధ్యలో గోడ ఎత్తు పెంచితే రెండు ఎనర్జీల మధ్య దూరం ఏమవుతుంది? తగ్గుతుంది అన్నా. ఎలా తగ్గుతుంది? ఆగిపోయా. "గోడలోపల వేవ్ ఫంక్షన్ ఎలా ఉంటుంది?" అని ఒక చిన్న దారి చూపించారు, అప్పుడు వెలిగింది, ఎక్స్‌పొనెన్షియల్‌గా తగ్గుతుందని. తర్వాత ఒక పక్కకి కొంచెం వంచితే ఏమవుతుంది అన్నారు, అక్కడ్నుంచి ఇరవై నిమిషాలు ఇద్దరం కలిసి లెక్క చేస్తున్నట్టే గడిచింది. వాళ్ళు చూసేది ఇదే, సూచన ఇస్తే ముందుకి కదులుతారా లేదా అని. తెలియకపోతే తెలియదనండి, కానీ తర్వాత "ఇలా ప్రయత్నిస్తాను" అని చాక్‌పీస్ తీసుకోండి. ఆలోచిస్తున్నప్పుడు మౌనంగా ఉండకుండా పైకి మాట్లాడుతూ ఆలోచించడం ముందే అలవాటు చేసుకోవాలి, ఫ్రెండ్‌ని కూర్చోబెట్టి పది సార్లు చెయ్యండి. ఇంగ్లీషు గురించి భయం వద్దు, నెమ్మదిగా, చిన్న వాక్యాల్లో చెప్తే చాలు.

యూరప్ ఇంటర్వ్యూ జూమ్‌లో అరగంట, మీ ప్రాజెక్ట్ మీద పది నిమిషాల స్లైడ్లు. ఐదు స్లైడ్లు చాలు.

ఆఫర్ వచ్చాక

లెటర్‌లో నాలుగు చూడండి: ఎన్నేళ్ళకి గ్యారంటీ, ట్యూషన్ మాఫీ పూర్తిగానా కాదా, హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కడతారు, అమెరికా అయితే ఎండాకాలం మూడు నెలలకి జీతం ఉందా. లెటర్‌లో లేనిది మెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. ఆ గ్రూపులో ఇప్పుడున్న స్టూడెంట్లు ఇద్దరితో ప్రొఫెసర్ లేకుండా మాట్లాడండి, గైడ్ వారానికి ఎన్నిసార్లు కలుస్తారు, గత ముగ్గురు స్టూడెంట్లు ఎక్కడికి వెళ్ళారు అని అడగండి.

అమెరికాలో చాలా యూనివర్సిటీలు ఏప్రిల్ 15 దాకా జవాబు కోసం ఆగాలని ఒప్పందం చేసుకున్నాయి, ముందే ఒప్పుకోమని ఎవరైనా ఒత్తిడి చేస్తే ఆ సంగతి మర్యాదగా గుర్తు చెయ్యొచ్చు. యూరప్‌లో అలాంటిదేం లేదు, వారం రెండు వారాలే ఇస్తారు, ఇంకో ఇంటర్వ్యూ రిజల్ట్ రావాల్సి ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పి గడువు అడగండి. ఎక్కడికి వెళ్ళేదీ తేలిన రోజే మిగతా ఆఫర్లు వదులుకుంటున్నట్టు మెయిల్ పెట్టెయ్యండి, మీరు పట్టుకుని కూర్చున్న సీటు కోసం వెయిటింగ్ లిస్ట్‌లో ఇంకో పిల్లో పిల్లాడో రోజుకి ఇరవై సార్లు మెయిల్ చూసుకుంటూ ఉంటారు. లెటర్ రాసిన సార్లకి, మేడమ్‌లకి ఫోన్ చేసి మీరే చెప్పండి.